గులుతె పండితులు

'రా' అంటే ఏమిటి? ఎవరినో పిలవడం అనుకుంటున్నారా? అయితే మీకు తెలుగు రాదు. 'రా' అంటే ఈజిప్టు వాళ్ళ సూర్యదేవుడు. పోనీ, 'పో' అంటే? వెళ్ళమని కసరడం అంటారా? కాదు. ఇటలీలో అన్నిటికన్నా పొడవైన నది. 'లే' అంటే నిద్ర లేవమనడమూ కాదు, లద్దాఖ్‌లో ముఖ్యపట్టణం. ఈ మూడూ తెలియకుండానే ఇన్నేళ్ళు పిల్లల్ని 'లే' అని లేపి, 'రా' అని అన్నం పెట్టి, 'పో' అని బడికి తోలి ఎలా పెంచారో ఆ దేవుడికే తెలియాలి. ఏ దేవుడికంటారా? ఉన్నది ఒక్క గడే కాబట్టి, 'రా'కే.

దీన్ని పజిల్ తెలుగు అంటారు. ఆదివారం అనుబంధంలో రాశిఫలాలకీ గుత్తివంకాయ కూరకీ మధ్య పుట్టి, మంగళవారానికి మిరపకాయ బజ్జీల కింద నూనె పీల్చి కన్నుమూసే భాష. మాట్లాడే ఊరు లేదు, తిట్టుకునే వీధి లేదు, జోలపాడే తల్లి లేదు. అయినా దీని పండితులకున్న ధీమా విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలన్నిటినీ కలిపి పిండినా రాదు. "మా బావగారు ముప్పయ్యేళ్ళుగా పజిల్ నింపుతున్నారండీ, ఆయనకు తెలియని మాట లేదు" అని చెప్పేవాళ్ళు ప్రతి పెళ్ళి పందిట్లోనూ ఒకరుంటారు. ఆ బావగారు పక్కనే కూర్చుని, వినపడనట్టు నటిస్తూ, చేతిలో శుభలేఖ వెనకవైపు గళ్ళు గీసుకుంటూ ఉంటారు.

గడివీరుల ప్రగల్భాలు నాలుగు. పజిల్ వల్ల పదసంపద పెరుగుతుంది. లోకజ్ఞానం పెరుగుతుంది. మతిమరుపు దరిచేరదు. నాలుగోది ఈమధ్య చేరింది: తెలుగు ఇంకా ఊపిరి తీస్తున్నదంటే అది గళ్ళ పుణ్యమే. ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

ముందు పదసంపద. ఆ సంపద పెట్టె మూత తీస్తే పైన కనిపించేవి ఒంటి గడి నాణేలు. 'క' అంటే బ్రహ్మ. 'ఖం' అంటే ఆకాశం. 'కు' అంటే భూమి. 'భం' అంటే నక్షత్రం. 'వి' అంటే పక్షి. 'మా' అంటే లక్ష్మి. 'రై' అంటే ధనం. 'హ్రీ' అంటే సిగ్గు. 'గ్లౌ' అంటే చంద్రుడు. నమ్మండి, నిజంగా చంద్రుడే. ఇంత సంపద ఉన్నవాడు దాన్ని ఎక్కడో ఒకచోట ఖర్చు పెట్టాలి కదా. ఒక సాయంకాలాన్ని వర్ణించమందాం: "ఖంలో గ్లౌ పొడిచింది. భాలు మినుకుమంటున్నాయి. వులు గూళ్ళకు చేరాయి. కు అంతా వెన్నెల." ఈ వర్ణన విన్న ఏ ఇల్లాలైనా చేసే పని ఒకటే, పొయ్యి మీద మిరియాల కషాయం పెట్టడం.

రెండు గళ్ళ అరలో ఇంకా ఘనమైన సరుకుంది. అలి అంటే తుమ్మెద. అహి అంటే పాము. అసి అంటే కత్తి. ఆజి అంటే యుద్ధం. ఇభం అంటే ఏనుగు. చిత్తూరు జిల్లా పలమనేరు, కుప్పం వైపు ఏనుగుల మందలు అడవి దాటి పంటల మీద పడడం ఏటా ఉండే బాధ. అర్ధరాత్రి చెరుకుతోటలో ఫెళఫెళ వినపడినప్పుడు అక్కడి రైతు "ఏనుగులొచ్చాయిరోయ్" అని కేక పెడతాడు, డప్పులు మోగుతాయి, కాగడాలు వెలుగుతాయి. అదే మన గడివీరుడు అక్కడ కాపలా ఉండి "ఇభములు! ఇభములు!" అని అరిచాడనుకోండి. ఊరు దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంటుంది. ఏనుగులు మాత్రం తమకు దక్కిన గౌరవానికి మురిసి ఇంకో రెండు మడులు మేసి పోతాయి.

ఇదంతా అమరకోశం దయ అంటారు. పాపం, అమరసింహుడి తప్పేమీ లేదు. ఆయన పుస్తకాన్ని మూడు కాండలుగా విడగొట్టి, నోటికి పట్టేలా శ్లోకాల్లో పెట్టింది విద్యార్థులు వల్లె వేసుకోవడానికీ, కవులకు ఛందస్సులో ఇమిడే మాట దొరకడానికీ. కవికి అక్కడ గురువు కావాలి, ఇక్కడ లఘువు కావాలి. ఏనుగుకు పది పేర్లుంటే ఒకటి సరిపోతుంది. కానీ ఆ మాట పద్యంలో పడ్డాక దానికొక పని ఉంటుంది. ఏనుగు కదలాలి, ఘీంకరించాలి, మొసలి నోట కాలు చిక్కితే మొరపెట్టుకోవాలి. పజిల్లో ఏనుగుకు ఏ పనీ లేదు. రెండు నల్లగళ్ళ మధ్య నిలబడి పక్కవాళ్ళకు 'ఇ' ఒకటీ 'భం' ఒకటీ అరువిస్తే దాని జన్మ తరించినట్టే.

అవధాని సంగతి చూడండి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడుతుంటే ఆయన ఎవరూ ఊహించని మాట తీసి వేస్తాడు. ఒంటి అక్షరపు మాట కూడా వేస్తాడు. వేసి, అర్థం నిలబెడతాడు, గణం నిలబెడతాడు, పద్యం పూర్తయ్యాక భావం వివరించి చప్పట్లు కొట్టించుకుంటాడు. ఆయన వాడిన 'భం' వెనక ఒక ఆలోచన ఉంటుంది. పజిల్లో 'భం' వెనక ఉన్నది నిలువు తొమ్మిది. అంతే.

ఇక 'హరి' మహిమ వేరే చెప్పాలి. అమరకోశం ప్రకారం ఈ ఒక్క మాటకు యముడు, వాయువు, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప అని 13 అర్థాలున్నాయి. కపిల వర్ణం అదనం. పజిల్ కూర్పరికి ఇంతకన్నా ఏం కావాలి? రెండు గళ్ళు ఖాళీగా మిగిలి, చుట్టూ ఏ మాటా అతకకపోతే అక్కడ హరిని కూర్చోబెట్టి, ఆధారం రాయడానికి కళ్ళు మూసుకుని వేలు పెట్టవచ్చు. ఈ వారం కప్ప, పై వారం చిలుక, ఆపై యముడు. నింపేవాడూ అంతే తెలివైనవాడు. ఏ జంతువు పేరు కనిపించినా, గళ్ళు రెండే ఉంటే, ముందు హరి అని రాసేసి తర్వాత ఆలోచిస్తాడు. ఇద్దరి మధ్యా ఒప్పందం కుదిరింది. మధ్యలో కప్ప గురించి గానీ హరి గురించి గానీ ఎవరికీ కొత్తగా తెలిసిందేమీ లేదు.

కూర్పరి కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఇంగ్లీషు గడి కూర్చేవాడికి 26 అక్షరాలు; ఎక్కడ అడ్డం, ఎక్కడ నిలువు కలిసినా ఏదో ఒకటి అతుకుతుంది. తెలుగు గడిలో హల్లు, గుణింతం, ఒత్తు, సున్న అన్నీ ఒకే గదిలో కాపురం. అడ్డంగా 'మహారాష్ట్ర' వేశాక నాలుగో గడిలో 'ష్ట్ర' కూర్చుంటుంది. దాని మీదుగా నిలువు మాట నడవాలి. 'రాష్ట్రం' పనికిరాదు, సున్న అడ్డొస్తుంది. 'ధృతరాష్ట్రుడు' పనికిరాడు, కొమ్ము అడ్డొస్తుంది. సౌరాష్ట్రో, రాష్ట్రపతో వచ్చి ఆదుకోవాలి. ఆ ఇద్దరూ మహారాష్ట్రకు చుట్టాలే. పెళ్ళి మళ్ళీ మేనరికంలోనే. ఇలాంటి చిక్కుల్లో పడ్డ మనిషి మీద ఎవరికైనా జాలి కలుగుతుంది. ఆ చిక్కు నుంచి బయటపడడానికి అతను కనిపెట్టిన ఉపాయం చూస్తే మాత్రం ఆ జాలి ఎగిరిపోతుంది.

ఆ ఉపాయం పేరు తిరగెయ్యడం. మాట కుదరకపోతే దాన్ని వెనక నుంచి రాస్తారు. ఆధారంలో "తిరగబడిన నది" అని పెడతారు, జవాబు 'రివేకా'. కావేరి కొడగు కొండల్లో తలకావేరి దగ్గర పుట్టింది. రివేకా కూర్పరి బల్ల మీద పుట్టి పక్క గడిలోనే సంగమించింది. తిరగేసినా కుదరకపోతే చెల్లాచెదురు చేస్తారు: "కకావికలైన గోదావరి" అంటే 'వగోరిదా'. అంత వరద భద్రాచలం కూడా చూసి ఉండదు. "తల తెగిన రావణుడు" అంటే 'వణుడు'. పది తలల్లో ఒక్కటే తెగినా ప్రాణం పోయే రావణుడు పజిల్లోనే ఉంటాడు. "కొమ్ము విరిగిన ఎద్దు" అంటే 'ఎద్ద'. "దీర్ఘం పోయిన రాజు" అంటే 'రజు'. "వెనక నుంచి వచ్చిన మామగారు" అంటే 'రుగామమా'. అల్లుడు పండక్కి పిలవాలంటే ఈ పేరుతో పిలవాలేమో.

అన్నిటికన్నా గొప్ప మాట, పజిల్ భాషకు నేను పెట్టదలచుకున్న పేరు, "తిరగబడిన మన భాష" అనే ఆధారానికి వచ్చేది: గులుతె. తెలుగుకు ఊపిరి పోస్తున్నామనేవాళ్ళు వారం వారం పోస్తున్నది ఈ గులుతెకే. ఒక్క పజిల్లో నాలుగు మాటలు తలకిందులై, మూడు చెదిరిపోయి, రెండు తల తెగి పడి ఉంటే దాన్ని పదకేళి అంటున్నారు. పోలీసు భాషలో దాన్ని సంఘటనా స్థలం అంటారు.

మన కూర్పరులను సమర్థించే ఒక చారిత్రక ఆధారం ఉంది; వాళ్ళు వాడుకోలేదు కాబట్టి నేనే ఇస్తాను. లివర్‌పూల్‌లో పుట్టి అమెరికా చేరిన ఆర్థర్ విన్ అనే పత్రికా రచయిత 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' ఆదివారం అనుబంధంలో వజ్రాకారపు గళ్ళ ఆటను వేశాడు. దానికి పెట్టిన పేరు 'వర్డ్-క్రాస్'. కొద్ది వారాలకే ఆ పేరు తిరగబడి 'క్రాస్-వర్డ్' అయింది, అదే స్థిరపడింది. అంటే ఈ ఆట పేరే తిరగేసిన మాట. మూలమే అలా ఉంటే రివేకాను ఎందుకు తప్పుపట్టాలి?

'న్యూయార్క్ టైమ్స్' 1924లో ఈ గళ్ళ పిచ్చిని ఈసడించింది. ముందే గీసిపెట్టిన చట్రంలో అక్షరాలు ఇరికించడం పాపపు కాలయాపన అన్నట్టు రాసింది. పదిహేడేళ్ళు పైగా ఆ పాపానికి దూరంగా ఉండి, 1942 ఫిబ్రవరి 15న తనే గడి వేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ పేరున్న గళ్ళలో అదొకటి. సంపాదకీయం రాసే పెన్నూ గళ్ళు నింపే పెన్సిలూ ఒకే బల్ల సొరుగులో ఉంటాయని పత్రికల వాళ్ళకు వేరే చెప్పాలా?

అక్కడా చచ్చిన మాటల జాతర జరిగింది. ఆంగ్లో-శాక్సన్ కాలపు బానిసకు ఒక నాలుగక్షరాల పేరుంది, 'ఎస్నే'. ఇండోనేషియాలోని సులావెసి దీవిలో తిరిగే బుల్లి అడవిదున్న 'అనోవా'. సముద్రపు గద్ద 'ఎర్న్'. ఇవి అమెరికా గళ్ళలో తిరిగినంతగా అడవుల్లో, ఆకాశంలో తిరిగి ఉండవు. అచ్చులెక్కువ, అక్షరాలు తక్కువ. అదే వాటి అర్హత. మన దేశానికి కూడా అక్కడ ఆ లెక్క ప్రకారమే చోటు దొరికింది. ఆగ్రా ఉంది, రాణీ ఉంది, చీర ఉంది, రాగం ఉంది, నాన్ రొట్టె ఉంది. నాలుగు గళ్ళలో పట్టని నూట నలభై కోట్ల మంది బయటే ఉన్నారు. ఇలాంటి మాటలకు అమెరికన్లు 'క్రాస్‌వర్డీజ్' అని వెక్కిరింపు పేరు పెట్టుకున్నారు. 1993లో విల్ షార్ట్జ్ 'న్యూయార్క్ టైమ్స్' పజిల్ సంపాదకుడయ్యాక జనం నోట నలిగే మాటలు, సినిమాలు, పాటలు, వస్తువుల పేర్లు ఎక్కువగా రావడం మొదలైంది. మూల విరాట్టే పట్టుబట్టలు మార్చుకుంటే మన ఉత్సవ విగ్రహం మాత్రం ఇంకా 'ఇభం' దిగనంటోంది.

రెండో ప్రగల్భం లోకజ్ఞానం. దీన్ని కోర్టుకెక్కించి చూసినవాళ్ళున్నారు. ఒకప్పుడు మన దేశంలో నగదు బహుమతుల గళ్ళ పోటీలు జోరుగా నడిచాయి. ప్రవేశ రుసుము కట్టి గడి నింపి పంపితే వేలకు వేలు. అందులో కిటుకేమిటంటే ఒక ఆధారానికి రెండు మాటలు సరిపోతాయి. నిర్వాహకుడి సీలు కవరులో ఉన్నదే సరైన జవాబు. జనం జేబులు గుల్లవుతుంటే పార్లమెంటు 1955లో బహుమతి పోటీల చట్టం తెచ్చింది. నెలకు మొత్తం బహుమతి వెయ్యి రూపాయలు దాటకూడదు, ఒక పోటీకి రెండు వేల ఎంట్రీలు మించకూడదు. నిర్వాహకులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. చమర్‌బాగ్‌వాలా కేసులో 1957లో కోర్టు తేల్చింది: ఈ చట్టం జూదం లక్షణాలున్న పోటీలకే వర్తిస్తుంది, గెలుపు చెప్పుకోదగ్గ మేరకు నేర్పు మీద ఆధారపడే పోటీలకు కాదు. అంటే, గడి నింపడం విద్యా, మట్కానా అన్న ప్రశ్న దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. మన బావగారు అప్పట్లో ధర్మాసనం మీద ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు. 'హరి' అని రాసి అందరినీ ఇంటికి పంపేవారు.

నేర్పు సంగతికొస్తే, గళ్ళ లోకజ్ఞానం చాలా పొదుపైనది. టోగో రాజధాని? లోమే. రెండు గళ్ళు. టోగో ఏ ఖండంలో ఉందో, అక్కడ ఏం పండుతుందో, జనం ఏం తింటారో అడక్కండి; అవి నిలువు ఆరులో లేవు. ఒమన్ రాజధాని? మస్కట్. మూడు గళ్ళు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ పల్లెల నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళకు మస్కట్ అంటే వీసా అప్పు, ఏజెంటు చేసిన మోసం, నలభై డిగ్రీల ఎండలో కాంక్రీటు, శుక్రవారం ఇంటికి చేసే ఫోను. ఆ మనిషిని ఒమన్ రాజధాని అడిగితే అతను పట్నం గురించి రెండు గంటలు చెబుతాడు. గడివీరుడు రెండు సెకన్లలో చెబుతాడు. ఇద్దరిలో ఎవరికి జ్ఞానం ఉందంటే, బహుమతి పుస్తకం మాత్రం రెండోవాడికే వస్తుంది.

గ్రూప్ పరీక్షల బిట్ బ్యాంకులు, టీవీ క్విజ్‌లు, ఆదివారం గళ్ళు ఒకే కార్ఖానా సరుకు. కృష్ణానది మహాబలేశ్వరం దగ్గర పుట్టిందని అందరికీ నోటికొచ్చు. తమ ఊరి చేనుకు వచ్చే నీళ్ళు ఏ కాలువ నుంచి ఏ తూముకు ఎలా వస్తాయో చెప్పమంటే దిక్కులు చూస్తారు. అది సిలబస్‌లో లేదు. తూములో మాత్రం ఉంది.

మూడోది, మతిమరుపు రాదన్న నమ్మకం. ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. స్వల్పంగా జ్ఞాపకశక్తి తగ్గినవాళ్ళతో అమెరికాలో చేసిన ఒక పరిశోధనలో కొందరిచేత గళ్ళు నింపించి, కొందరిచేత కంప్యూటర్ ఆటలాడించారు. 2022లో ఫలితాలు వస్తే గళ్ళవాళ్ళే కాస్త మెరుగనిపించారు. సంతోషించాల్సిందే. అయితే అది ఒక ఆటకూ ఇంకో ఆటకూ జరిగిన పోటీ. ఆ గళ్ళు నింపినవాళ్ళు తమ నోట నానే భాషలో నింపారు, 'రుగామమా' రాయలేదు. ముప్పయ్యేళ్ళుగా ప్రతి ఆదివారం తుమ్మెద అంటే 'అలి', పాము అంటే 'అహి' అని రాసే మనిషి మెదడుకు దొరుకుతున్నది వ్యాయామం కాదు, ఆదివారం సెలవు. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో గుర్తుండదు గానీ కళ్ళజోడుకు 'ఉపనేత్రం' అని గుర్తుంటుంది.

అసలు గొడవ నాలుగో ప్రగల్భంతో. భాషను బతికిస్తున్నామంటారు. ఈ మాట అనేవాళ్ళే ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పుట్టినరోజున, వాడుక భాషే ప్రాణమని మొదటి పేజీలో దండ వేస్తారు. ఆ వారం అనుబంధంలోనే "యుద్ధము (2)" అని అడిగి 'ఆజి' రాయిస్తారు. రెండు పేజీల మధ్య గిడుగువారి పోరాటమంతా మడతలో పడి నలిగిపోతుంది.

ఎందుకయ్యా అంటే సిద్ధంగా ఒక సాకుంటుంది: "చిన్న మాటలు కావాలండీ. తెలుగులో రెండక్షరాల మాటలు ఎక్కడున్నాయి? అందుకే సంస్కృతం." ఈ అబద్ధాన్ని ఇక ఊరుకోకూడదు. నాగలి పట్టుకునే పిడి మేడి. నాగలికీ కాడికీ మధ్య ఉండే పొడుగు కర్ర నొగ. నేలను చీల్చే ఇనుము కర్రు. ఎడ్ల మెడ మీది మాను కాడి. పంటను మేయకుండా మూతికి కట్టే వల చిక్కం. విత్తనం వేసే పనిముట్టు గొర్రు. ఒక్క నాగలి చుట్టూ తిరిగితే అరడజను మాటలు, అన్నీ రెండు గళ్ళే. మగ్గం దగ్గరికి పోదాం. పేక, అచ్చు, నాడె, కండె, ఆసు. ఇవీ రెండు గళ్ళే. మగ్గమే రెండు గళ్ళు! అమరకోశం అటక మీద దుమ్ము దులిపే ఓపికున్నవాడికి పక్కవీధి సాలెవాళ్ళ ఇంటి గుమ్మం దాకా నడిచే ఓపిక లేదు. అడ్డం, నిలువు అనే విద్యలో ఆరితేరినవాళ్ళు అసలు వాళ్ళే.

'ఆసు' సంగతే తీసుకోండి. పోచంపల్లి పట్టుచీరకు దారాన్ని ఆసుపోయాలంటే ఆడవాళ్ళు మేకుల చుట్టూ వేలసార్లు చెయ్యి ఆడించాలి, భుజాలు పడిపోయేవి. ఆలేరు ప్రాంతపు నేతకారుడు చింతకింది మల్లేశం తల్లి అవస్థ చూసి ఆ పనికి యంత్రం తయారుచేసి, ఆమె పేరు కలిసేలా 'లక్ష్మీ ఆసు యంత్రం' అన్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మీద తెలుగులో సినిమా కూడా వచ్చింది. ఇందులో మాట ఉంది, మనిషి ఉన్నాడు, లోకజ్ఞానం ఉంది, తల్లి ఉంది. ఇన్ని ఉన్న 'ఆసు'కు గడిలో చోటు లేదు. ఎవరి చేతిలోనూ లేని కత్తికి, 'అసి'కి మాత్రం నెలకోసారి పిలుపు.

పుస్తకాలు లేవని కూడా తప్పించుకోలేరు. భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా రైతుల దగ్గర మాటలు సేకరింపజేసి కూర్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లోనే వచ్చింది. ఆ తర్వాత చేనేత పదాలదీ వచ్చింది. ఒకే పనిముట్టు శ్రీకాకుళంలో ఏమంటారో, అనంతపురంలో ఏమంటారో, ఆదిలాబాద్‌లో ఏమంటారో తెలిపే నిధి. జీవితాంతం వారానికో పజిల్ కూర్చినా తరగని సరుకు. కానీ దాన్ని తెరవాలంటే ఒక ఇబ్బందుంది. అందులో మాటలకు పని తెలిసి ఉండాలి. 'కర్రు' అంటే ఏమిటో ఆధారం రాయాలంటే నాగలి నేలలో ఎలా దిగుతుందో తెలియాలి. 'అసి'కి ఆ బాధ లేదు. 'కత్తి' అని రాసి పడుకోవచ్చు.

తెలంగాణలో గడీలు కూలి దశాబ్దాలైంది. దొరలు పోయారు, వెట్టి పోయింది. పత్రికలో గడి మాత్రం అలాగే ఉంది. లోపల ఇభం, అలి, ఆజి పట్టు పరుపుల మీద ఆనుకుని ఉంటాయి. పొద్దున లేచి చాకిరి చేసే మేడి, నొగ, నాడె, కండె గుమ్మం బయట చెప్పులు చేతపట్టుకుని నిలబడతాయి. ఎప్పుడైనా మరీ అవసరపడి లోపలికి పిలిస్తే తిరగబడి నడవమంటారు.

పజిల్ అంటేనే పనికిరాదని నేననడం లేదు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కూర్చాడు. ఆరుద్ర గళ్ళ నుడికట్టు కూర్చాడు. కవులకు అది పరువు తక్కువ పని అనిపించలేదు, ఎందుకంటే వాళ్ళు ఆడింది మాట అర్థాలతో. గళ్ళు దానికి ఆటస్థలం మాత్రమే. మంచి ఆధారం చదివినవాడిని ఒక దారిన నడిపించి, మలుపులో తోసేసి, లేచాక నవ్విస్తుంది. నిఘంటువు తీయనివ్వదు. అలాంటివి బతికున్న మాటలతోనే వస్తాయి, ఎందుకంటే రెండు చోట్ల పనిచేసే మాటకే రెండు అర్థాలుంటాయి. ఉదాహరణకు మూడు నేనే ఇస్తాను, పారితోషికం అక్కర్లేదు. "పండైతే పురుగును దాస్తుంది, పిడైతే పంటను తెస్తుంది (2)". "ఒకచోట గుడ్డ నేస్తుంది, ఇంకోచోట ఒంటి మీద గుడ్డ కూడా మిగల్చదు (2)". "ఇది లేకపోతే పత్రిక రాదు, బట్ట రాదు, వ్యాకరణం అసలే రాదు (2)". జవాబులు మేడి, పేక, అచ్చు. ఒక్కదానికీ అమరకోశం అక్కర్లేదు, ఒక్కదాన్నీ తిరగెయ్యలేదు, దేని తలా తెగలేదు.

కాబట్టి కూర్పరులకు మూడు షరతులు. ఒకటి: జవాబుగా వచ్చే మాటను ఈ వందేళ్ళలో ఎవరో ఒక తెలుగువాడు తన పని మీద వాడి ఉండాలి. రైతో, నేతగాడో, వంటమనిషో, లారీ డ్రైవరో, కవో, ఎవరైనా సరే. రెండు: తిరగేసిన మాట వాడితే ఆ పజిల్ పారితోషికం కూడా తిరగేసి ఇవ్వాలి, నూట యాభై రూపాయలకు 051. మూడు: ఆధారం చదివి, జవాబు చూసి, నింపినవాడి ముఖాన "ఓహో" అనే మాట రావాలి. "ఛీ" అన్నది కూడా ఒక గడే గానీ, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఈ షరతులకు ఒప్పుకోనివాళ్ళకు జరిమానాలు వద్దు, కోర్టులు వద్దు. ఒక్క రోజంతా పజిల్ తెలుగులోనే మాట్లాడాలని శిక్ష వేస్తే చాలు. పొద్దున్నే 'కు' మీద కాలు పెట్టి, ఇంట్లో ఇల్లాలిని 'మా' అని పిలిచి, 'రుగామమా'కు ఫోను చేసి క్షేమం కనుక్కుని, బస్టాండుకెళ్ళి పల్లెవెలుగు ఎక్కాలి. ఇరవై ఐదు రూపాయల టికెట్టుకు ఐదొందల నోటు ఇవ్వాలి. మిగతా చిల్లర కోసం కండక్టరు వెంటపడి, అమరకోశం సాక్షిగా, "నా రై! నా రై!" అని అడగాలి. ధనమంటే అదే కదా. డ్రైవరు ఆ మాట వింటాడు. ఆయనకు తెలిసిన అర్థం ఒక్కటే. "రై, రై" అనగానే బస్సు కదులుతుంది, చిల్లర కదలదు.